బాయిలర్ చల్లారిన ఎనిమిది రోజులు

దూది బేలు ఎట్లా అవుతుందో ఇప్పటివాళ్లకు తెలియదు. గింజ తీసిన దూదిని మనిషి ఎత్తుకు మించిన చెక్కపెట్టెలో పోస్తారు. ఇద్దరు మనుషులు అందులోకి దిగి తొక్కుతారు. తొక్కేకొద్దీ దూది గట్టిపడుతుంది. పైనుంచి ఇంకా పోస్తుంటే మనుషులు మెల్లగా పైకి లేస్తూ వస్తారు. పెట్టె నిండాక వాళ్లు బయటికి దిగితే ఆవిరి ప్రెస్సు వచ్చి దాన్ని రాయి మాదిరి నొక్కుతుంది, తర్వాత ఇనప పట్టీలు బిగిస్తారు, అదే బేలు. బళ్లారిలో నేను పని చేసిన మిల్లులో అట్లాంటి పెట్టెలు మూడు ఉండేవి. పెట్టెకు ఇద్దరు. ఆ ఇద్దరినీ జోడి అనేవాళ్లు.

దూది మీద ఒక్కడే నిలబడలేడు. మోకాలి దాకా దిగబడి పక్కకు ఒరిగిపోతాడు. అందుకని జోడి ఎదురెదురుగా నిలబడి, ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుని, అడుగు కలిపి తొక్కాలి. పొద్దున సైరన్ మోగింది మొదలు సాయంత్రం సైరన్ దాకా అదే పని. అంటే ఈ కథ నాటికి నేను నాలుగు సీజన్లు, రోజుకు తొమ్మిది గంటలు, ఒక మగవాడి భుజాల మీద చేతులు వేసి నిలబడ్డాను. మేస్త్రి చూశాడు. షావుకారు చూశాడు. షావుకారు ఇంటి ఆడవాళ్లు ఆయుధపూజకు వచ్చి చూశారు. ఎవరికీ తప్పనిపించలేదు. కూలి కోసమైతే ఏ చెయ్యి ఎక్కడున్నా లోకానికి అభ్యంతరం ఉండదు. ఈ మాట ముందే చెప్పి పెడుతున్నాను, ఎందుకంటే తర్వాత గొడవంతా ఆ చెయ్యి మీదనే జరిగింది.

నా జోడి మిషన్ చర్చివాళ్ల బిడ్డ. ఏడో క్లాసు దాకా చదివాడు. నాకంటే రెండేళ్లు పెద్ద. వాళ్ల నాయన పోయాక బడి మాని మిల్లుకు వచ్చాడు. నేను బండ్రి అనే పల్లె నుంచి వచ్చాను. అమ్మానాయన చిన్నప్పుడే పోతే అక్కా బావా పెంచారు. ఈ సంగతి జరిగేనాటికి నాకు ఇరవై ఏడు. సంతకం అంటే వేలిముద్ర.

మొదటి నెలలో నా అడుగు కలిసేది కాదు. నేను తొందరపడి ముందే తొక్కేవాణ్ణి. అట్లా ఒకనాడు అతని బొటనవేలి గోరు ఊడింది. జోడి మార్చమంటావా అని మేస్త్రి అడిగితే అతను, "కాలికి తెలివి రావాలంటే టైం పడ్తాదప్పా, రానీ" అన్నాడు. ఓర్పు అంటే అట్లాంటిది. నాకేమో నోటి నిండా చేదు. షావుకారు బోనస్ ఇస్తాడంటే "అంతా ఉత్తిదే" అనేవాణ్ణి. రోడ్డు మీద పెళ్లి ఊరేగింపు పోతుంటే "ఇంగ మూడు నెల్లకు చెంబులు ఇసురుకుంటారు చూడు" అనేవాణ్ణి. పెట్టెలో ఎదురుగా నిలబడినవాడు ఇదంతా తొమ్మిది గంటలూ వినాల్సిందే. విని, "కానీలేప్పా" అనేవాడు.

ఏడాదికొకసారి బాయిలర్‌ను చల్లార్చి, తెరిచి, లోపల పట్టిన సున్నం గీకి, ఇన్‌స్పెక్టరుకు చూపించాలి. ఆ ఎనిమిది రోజులు ప్రెస్సు మనుషులకు రజ. సెలవును మా దగ్గర తెలుగువాళ్లు కూడా కన్నడంలో రజ అనే అంటారు. తుంగభద్ర డ్యాము నిండి కొన్నేళ్లయిన కాలం అది. మంచి ఎండల్లో రజ వచ్చింది. సరిగ్గా ముందురోజు నాకు బావ దగ్గరనుంచి కార్డు వచ్చింది. నాకు వచ్చే కార్డులన్నీ నా జోడే చదివేవాడు. మిల్లు గేటు దగ్గర నిలబడి చదివాడు.

"రజలో ఐదో రోజుకు బండ్రికి రావలెను. మా చెల్లెలిని నీకు చేయుటకు అందరమూ ఒప్పుకొన్నాము. ఆ రోజు చూపులు ముగించి తాంబూలములకు దినము పెట్టుకొందము. మీ అక్క సంతోషముగా ఉన్నది."

ఒక్క అక్షరం మింగకుండా చదివాడు. తర్వాత ఎన్నోసార్లు ఆలోచించాను. బావ నన్ను రావద్దన్నాడని చెప్పినా నేను నమ్మేవాణ్ణే. అతను అట్లా చెయ్యలేదు. కార్డు మడవకుండా నా చేతిలో పెట్టాడు.

"ఏం చేస్తావప్పా?"

"పోవాల గదా. బావ పెంచినాడు, ఆయన చెల్లెల్నే ఇస్తానంటాండాడు. ఎవుర్ని కట్టుకుంటే ఏంలే, అంతా ఉత్తిదే."

"ఐదో దినం గదా. అంతవరకూ యాడుంటావు?"

"యాడుంటా, రూములో పండుకుంటా."

"కెంచనగుడ్డ కాడ మా అత్త ఏట్లో కల్లంగడి పెట్టింది. కాపలాకు మనిషి లేదు. నేను పోతాండా. రాగూడదా?"

కల్లంగడి అంటే పుచ్చకాయ. నేను సరే అన్నాను. ఐదో రోజు అటునుంచి అటే బండ్రికి పోదామనుకున్నాను.

సిరుగుప్ప బస్సులో పక్కపక్కన కూర్చున్నాం. గుంతలో చక్రం దిగి బస్సు ఊగితే నా చెయ్యి దానంతటది లేచి అతని భుజం మీదికి పోయింది. ఎదురు సీట్లో ఒక ముసలాయన చూశాడు. కాలినట్టు వెనక్కి తీసుకున్నాను. నాలుగేళ్లుగా ఉన్న చోటే అది, కానీ పెట్టె లేదు. పెట్టె లేకపోతే ఆ చెయ్యి అక్కడ ఏం చేస్తోందని ఎవరైనా అడగొచ్చు. దారంతా రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. అతను కిటికీలోంచి బయటికి చూస్తూ ఉన్నాడు.

ఎండాకాలంలో తుంగభద్ర సగం ఇసుకే. నీళ్లు అవతలి గట్టు పక్కన సన్నగా పోతుంటాయి. ఇసుకలో తడి తగిలేదాకా గుంతలు తీసి, పెంట వేసి, విత్తనం పెట్టి, కడవలతో నీళ్లు పోస్తారు. తీగలు ఇసుక మీద పరుచుకుని కాయలు దొర్లుతుంటాయి. అత్త ఒంటరి మనిషి. దవడలో పొగాకు, నోట్లో కీర్తన, రెండూ ఒకేసారి ఉండేవి. మాకు నాలుగు గుంజల మీద జొన్నసొప్ప కప్పిన పందిరి చూపించి, "ఆవులు రాగూడదు, కాకులు వాలగూడదు, మీరు నాకు చెప్పకుండా తినగూడదు" అని గట్టు మీది ఇంటికి పోయింది.

నా జోడి కాయ కాయ దగ్గరా కూర్చుని, వేలితో కొట్టి, చెవి ఆనించేవాడు.

"ఇది ఇంగా రెండు దినాలు."

"నీకెట్ల తెలుసు?"

"కాయే చెప్తాది."

"అంతా ఉత్తిదే" అని నేను అదే కాయను కోశాను. లోపల తెల్లగా ఉంది. అతను నవ్వలేదు. ఉప్పు తెచ్చి, చప్పటి ముక్కలన్నీ నాతో సమానంగా తిన్నాడు. తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది.

మూడో రోజు మిట్టమధ్యాహ్నం నా పాదంలో పల్లేరు ముల్లు దిగింది. అతను నన్ను పందిట్లో కూర్చోబెట్టి, పాదాన్ని ఒడిలో పెట్టుకుని పిన్నీసుతో తీస్తున్నాడు. అతని గోరు ఊడగొట్టిన కాలు అదే. వంచిన తల, మెడ మీద చెమట, చెమటకు అంటిన ఇసుక. నేను రెండు చేతులూ ఎత్తి అతని భుజాల మీద పెట్టాను. అతను ముల్లు తీయడం ఆపాడు.

"ఈడ తొక్కేదేమీ లేదప్పా."

"తెలుసు."

"తెలిసే పెట్టినావా?"

"తెలిసే."

ఆ తర్వాతిది మా ఇద్దరిది. సిగ్గుపడి దాస్తున్నానని అనుకోవద్దు. పెళ్లైనవాళ్లు తమ సంగతి ఊరికి చెప్పుకుంటారా? నేనూ చెప్పను. ముఖం తిప్పుకునేవాళ్లు ఇక్కడే తిప్పుకోండి, నాకేం నష్టం లేదు. ఇరవై ఏడేళ్లు వచ్చినా, ఉత్తిది కానిదాన్ని ఒకదాన్ని ఆ మధ్యాహ్నమే మొదటిసారి చూశాను. అంతమాత్రం చెబుతాను.

ఐదో రోజు వచ్చింది. పొద్దున్నే అతను, "బస్సుకు పోవాల్నా?" అని అడిగాడు. చూద్దాంలే అన్నాను. మధ్యాహ్నం గట్టు మీదనుంచి బస్సు హారన్ వినిపించింది. నేను కడవ ఎత్తుకుని తీగలకు నీళ్లు పోస్తూనే ఉన్నాను. సాయంత్రం మహా పని చేసినవాడిలాగా చెప్పాను.

"చూడు, పోలేదు."

"పోలేదు. పోనని చెప్పలేదు గదా."

"రెండూ ఒకటేలే."

"కాదప్పా. నువ్వు ఊరికే పోకుంటే మీ బావ ఇంగో దినం పెడ్తాడు. ఆయమ్మ ఇంగో దినం తల దువ్వుకుని కూచుంటాది."

నాకు కోపం వచ్చింది. నిజం వింటే నాకు అట్లాగే వచ్చేది.

"తొమ్మిదో దినం బాయిలర్ ముట్టిస్తారు. అప్పుడిదంతా ఉత్తిదే అయితాది. నువ్వు గూడా ఎవుర్నో చర్చిలో కట్టుకుని పిల్లల్ని ఎత్తుకుని తిరుగుతావు."

"మావాళ్లు నన్ను రెండు సార్లు అడిగినారు. కట్టుకోనని చెప్పినా. రెండు సార్లూ నోరు తెరిచి చెప్పినా."

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"నువ్వు అడగలేదు. అడుగుతావేమోనని కాసుకోని ఉండా."

"ఎన్నాళ్ల నుంచి?"

"గోరు ఊడినప్పటి నుంచి" అన్నాడు.

ఆరో రోజు పండిన కాయలన్నీ సిరుగుప్పకు తోలాలని అత్త బండి తెప్పించింది. కాడి దింపి, ఎద్దుల్ని గట్టు మీది తొట్టికి నీళ్లకు తోలుకుపోతూ, "కింద గడ్డి, పైన కాయ, మళ్లీ గడ్డి, మళ్లీ కాయ. తెలిసిందా?" అంది. తెలిసిందన్నాం. గడ్డి పరిచాం, కాయలు పేర్చాం, పైన మళ్లీ గడ్డి వేశాం. గడ్డి ఉబ్బి బండి అంచులు దాటింది.

ప్రెస్సు మనిషికి ఏదైనా మెత్తగా ఉబ్బి కనిపిస్తే కాలు ఊరుకోదు. నేను ఒక చక్రం మీద కాలు పెట్టి ఎక్కాను, అతను ఇంకో చక్రం మీదనుంచి ఎక్కాడు. ఎదురెదురుగా నిలబడి, భుజాల మీద చేతులు వేసుకుని, అడుగు కలిపి తొక్కాం. నాలుగైదు తొక్కులు పడ్డాక కింద టప్పుమంది. బండి పలక విరిగిందనుకుని ఇంకొకటి తొక్కాం. అప్పుడు పలకల సందుల్లోంచి ఎర్రటి నీళ్లు ఇసుక మీదికి ధార కట్టాయి. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. అంత ఓర్పు గల మనిషి కడుపు పట్టుకోవాల్సినంతగా నవ్వాడు. పట్టుకోలేదు, చేతులు నా భుజాల మీదే ఉన్నాయి.

"ఒరే ప్రెస్సోళ్లారా!" గట్టు మీదనుంచి అత్త అరుస్తూ దిగింది. "కల్లంగడిని బేలు కడతారేరా! పట్టీలు గూడా బిగించండి, మద్రాసుకు పంపిస్తా!"

"కాలు దానంతటదే పోయింది అత్తా" అన్నాడు అతను, ఇంకా నవ్వుతూనే.

అత్త వెనక ఇంకొకరు దిగుతున్నారు. మోకాళ్ల దాకా దుమ్ము, చంకలో గొడుగు. మా బావ. మిల్లు గేటు దగ్గర అడిగి, ఇంత దూరం వెతుక్కుంటూ వచ్చాడు.

"బాగుండాదప్పా" అన్నాడు. "ఆడ ఇంటినిండా మనుషుల్ని కూచోబెట్టుకుని నీ కోసం మేము కాసుకోనుంటే, ఈడ నువ్వు కోలాటం ఆడతాండావా?" తర్వాత నా జోడి వైపు తిరిగాడు. "కార్డు చదివింది నువ్వేనా?"

"నేనే."

"సరిగ్గా చదివినావా?"

"రాసింది రాసినట్లే చదివినా."

"అయితే చెవుడు నీకేనన్నమాట" అన్నాడు నాతో. "ముందు ఆ భుజం మింద చెయ్యి తియ్యి."

నేను తీశాను. పెద్ద నోరు గలవాణ్ణి, ప్రపంచమంతా ఉత్తిదే అని తీర్పులు చెప్పేవాణ్ణి, ఒక్క మాటకు చెయ్యి తీసేశాను. అతని నవ్వు ఆగింది. బండి దిగి, పగిలిన కాయల్ని ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టాడు.

"మిల్లు తెరిసే దినం నేనే వస్తా" అన్నాడు బావ. "మేస్త్రితో మాట్లాడి ఈ జోడి మార్పిస్తా. ఆ దినం సాయంత్రమే నాతో బండ్రికి వస్తావు. ఏమంటావు?"

"సరే బావా" అన్నాను.

బావ పోయాక అత్త పగిలిన కాయలన్నీ మా ముందు కుప్ప పోసింది. "తినండి. తొక్కినోళ్లే తినాల" అని, మిగిలిన వాటితో బండి కట్టుకుని పోయింది. అతను నా వైపు వీపు పెట్టి తింటున్నాడు.

"కోపమా?"

"కోపమేం లేదు."

"మరి?"

"ఇన్నాళ్లూ కాసుకోని ఉండేదానికి నాకు అలుపు రాలేదప్పా. ఈ పొద్దు వచ్చింది." చేతులు ఇసుకతో తోముకున్నాడు. "తొమ్మిదో దినం మేస్త్రి పిలుస్తాడు. నేను పక్కనే నిలబడుకోని ఉంటా. నువ్వేం చెప్తావో చెప్పు. ఆ తర్వాత మాత్రం కాసుకోను."

మిగిలిన రెండు రోజులూ నాతో మామూలుగానే ఉన్నాడు. వండి పెట్టాడు, పక్క దులిపాడు. దానికే నాకు భయమేసింది. వదిలెయ్యడానికి సిద్ధపడినవాడు అంత నెమ్మదిగా ఉంటాడని నాకు తెలియదు.

బాయిలర్ ముట్టించే రోజు మిల్లులో ఒక పద్ధతి ఉండేది. పొగగొట్టంలోంచి మొదటి పొగ లేచాక మేస్త్రి పెట్టె పెట్టెకూ జోడిని పిలిచి ఒక టెంకాయ ఇస్తాడు. ఒకరు పట్టుకుంటే ఇంకొకరు కొట్టాలి. చెరో చిప్ప తీసుకోవాలి. అట్లా చిప్ప పంచుకున్నవాళ్లు మళ్లీ బాయిలర్ చల్లారేదాకా జోడి. మధ్యలో మార్చుకోవడం లేదు.

బావ గేటు లోపల గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. మా పెట్టె వంతు వచ్చింది. మేస్త్రి నన్ను పిలిచి, నాతోపాటు గోదాములో మూటలు మోసే మనిషిని పిలిచాడు. టెంకాయ నా ముందు పట్టాడు. నా జోడి చెప్పినట్టే పక్కన నిలబడి ఉన్నాడు. నా వైపు చూడలేదు.

నేను టెంకాయ పట్టుకోలేదు.

"మేస్త్రీ, నా జోడి ఈయన."

"మీ బావ వద్దంటాండాడప్పా."

"తొక్కేది మా బావ కాదు గదా."

మనుషులు నవ్వారు. మేస్త్రి నవ్వలేదు. గొంతు తగ్గించి, "మీ బావ చెప్తాండేది తొక్కుడు సంగతి కాదు" అన్నాడు. ఆ మాటకు నవ్వులు ఆగిపోయాయి. అందరికీ అర్థమయిందని నాకు అర్థమయింది. కానీ ఆ ఇసుకలో తీసేసిన చెయ్యి ఆ మూడు రోజులూ నన్ను నిద్రపోనివ్వలేదు.

"ఏ సంగతైనా అంతే" అన్నాను, గేటు దాకా వినపడేటట్టు. "పెట్టెలోనూ ఈయనే, బయటా ఈయనే. బావా, మీ చెల్లెల్ని నేను కట్టుకోను. ఆయమ్మలో వంకేమీ లేదు. ఇంగ ఎవుర్నీ కట్టుకోను. ఆయమ్మకు మంచి సంబంధం చూడండి. మేస్త్రీ, ఈ జోడి వద్దంటే టెంకాయ వద్దు, పని వద్దు, పోతాం."

"నువ్వు గూడా పోతావా?" అని మేస్త్రి అతన్ని అడిగాడు.

"పోతా" అన్నాడు అతను. ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఆ మనిషి జీవితంలో తొందరపడటం నేను చూసింది అప్పుడే.

మేస్త్రి మమ్మల్ని, పొగను, కుప్ప పోసిన దూదిని చూశాడు. "కొత్తోళ్లను దింపితే కాళ్లు కలిసేకి నెల పడ్తాది. సీజనే ఇంగ నెలన్నర ఉండాది. మీ ఇంటి పంచాయితీ నాకెందుకప్పా? పట్టు టెంకాయ" అన్నాడు. ఆయన మా పక్షం మాట్లాడాడని నేను చెప్పను. ఆయనకు బేళ్లు కావాలి. నాకు టెంకాయ కావాలి. నేను పట్టుకున్నాను, నా జోడి కొట్టాడు. చెరో చిప్ప.

"ఇంగ మా గడప తొక్కొద్దు" అని బావ వెళ్లిపోయాడు. తొక్కలేదు. అక్క పదకొండేళ్లు నాతో మాట్లాడలేదు. అది నొప్పే, కాదనను. కానీ తప్పు చేశానని ఒక్కరోజూ అనుకోలేదు.

ఆ సాయంత్రం సైరన్ మోగాక గేటు బయట, మనుషులందరి మధ్య, అతని భుజం మీద చెయ్యి వేశాను. బ్రూస్‌పేట దాకా అట్లాగే నడిచాం. కొట్లలోంచి తలలు బయటికి వచ్చాయి. రానీ అనుకున్నాను. బ్రూస్‌పేటలోనే ఒక గది, తర్వాత రెండు గదులు తీసుకుని ఉన్నాం. మిల్లు మూతపడింది, పెట్టెలు కట్టెలకు అమ్మేశారు. మేమున్నాం.

మా గోడ మీద ఎవరో ఒకరు బొగ్గుతో ఎగతాళిగా రాస్తుండేవాళ్లు. అతను చదివి చెప్పేవాడు, కార్డు చదివినట్టే, ఏమీ మింగకుండా. తుడవబోతే నేను వద్దనేవాణ్ణి. యాభై దాటాక అతని దగ్గరే అక్షరాలు నేర్చుకున్నాను. నేర్చుకున్న కొత్తలో ఒక పొద్దున తలుపు తీస్తే గోడ మీద కొత్తది ఉంది. మా ఇద్దర్నీ మొగుడూ పెళ్లామని రెండు మాటలు. కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టాను. అతను పక్కన చీపురు పట్టుకుని నిలబడి, ఒక్క అక్షరం అందించకుండా, నేను చివరి దాకా పోయేదాకా కాచుకుని ఉన్నాడు.

"చదివినావా?"

"చదివినా. నిజమే రాసినారప్పా" అన్నాను. "ఉండనీ."